పెరుగు మానేసిన ఇల్లు, బోరు నీళ్ళు: ఒక కేస్ స్టడీ

"నాకేం జబ్బు లేదు మేడం. మా ఇంటామె పోరు పడలేక వచ్చా."

కుర్చీలో కూర్చుంటూనే ఆయన అన్న మొదటి మాట ఇది. సంక్రాంతికి ముందు చేయించిన రిపోర్టు, మే నెలలో చేయించిన రిపోర్టు రెండూ బల్ల మీద పక్కపక్కన పరిచాడు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు) అంకె కింద బాల్‌పెన్నుతో గీత కూడా గీసి తెచ్చాడు: 8.6 నుంచి 7.0. బరువు 81 కిలోల నుంచి 73కి దిగింది. నాలుగు నెలల్లో ఇంత మార్పు మందులు పెంచినా రాదు చాలామందికి. భార్య మాత్రం కూర్చోమన్నా కూర్చోకుండా ఆయన వెనకే నిలబడి, "స్నానాల గదిలో పడబోయాడమ్మా, రెండు తడవలు. అది మాత్రం చెప్పడు" అంది.

ఆమె ఆ మాట అనకపోయుంటే ఆయన్ని మెచ్చుకుని పంపించేసేదాన్నేమో.

నేను ఒంగోలులో డైటీషియన్‌ని. మందుల సంగతి నేను చూడను. దానికి ఫిజీషియన్ ఉన్నారు, ఈ కేసులో అడుగడుగునా ఆయనతో కలిసే పనిచేశాను. భార్యాభర్తలిద్దరూ రాయమన్నాకే రాస్తున్నాను. ఊరి పేరు చెప్పను కానీ దర్శి వైపు పల్లె అని మాత్రం చెప్పక తప్పదు. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

మనిషి, మానేసిన తిండి

వయసు 52, ఎత్తు 168 సెంటీమీటర్లు. కంది, పొగాకు సాగు, దానికి తోడు ఎరువుల కొట్టు. తొమ్మిదేళ్ళుగా షుగరు. మెట్‌ఫార్మిన్ రోజుకు 2 గ్రాములు, పొద్దున గ్లిమిపిరైడ్ 2 మిల్లీగ్రాములు. ఇవి కాక గ్యాస్ బిళ్ళ ఒకటి, పాంటాప్రజోల్. అది ఎవరూ రాసింది కాదు. మందుల షాపులో అడిగి తెచ్చుకుని మూడేళ్ళుగా రోజూ వేసుకుంటున్నాడు. దాన్ని మందుల జాబితాలో చెప్పలేదు, "అది మందేంది మేడం, గ్యాస్ బిళ్ళ గదా" అన్నాడు.

కనుమ మర్నాడు మాంసం, చేప, గుడ్డు, పాలు, పెరుగు, నెయ్యి అన్నీ ఒకేసారి ఆపేశాడు. ఫోన్‌లో వీడియోలు చూసి షుగరు కోసం మానేశానన్నాడు. నేనూ నమ్మాను.

ఇక్కడ ఒక మాట. మన జిల్లాల్లో ఎవరైనా "నేను నాన్‌వెజ్ మానేశా" అంటే ఇంట్లోవాళ్ళు, డాక్టర్లు, మేమూ అందరం మాంసం వైపే చూస్తాం. ఆయన పాత తిండి వారం రోజులది రాయించి చూడండి. ఆదివారం కోడో వేట మాంసమో, చేపల బండి వచ్చిన రోజు పులుసు, అప్పుడప్పుడు ఒక గుడ్డు. అంతే. మిగతా వారమంతా అన్నం, పప్పు, పచ్చడి, పెరుగు. రెండు పూటలా గడ్డ పెరుగు, మధ్యలో రెండు చెంబుల మజ్జిగ, మూడు టీలు. ఇంట్లో ముర్రా గేదె ఉంది. అంటే ఆయన ఒంటికి ఇన్నాళ్ళూ ఆసరాగా ఉన్నది మాంసం కాదు, పాడి. పళ్ళెంలోంచి వెళ్ళిపోయింది పెరుగు. ఆ జాగాలో ఏం పెట్టాలన్నది ఎవరికీ తట్టలేదు.

కొత్త తిండి ఇలా ఉంది. పొద్దున పళ్ళ ముక్కలు. పదకొండుకు బాదం పాలు, పాకెట్‌వి. మధ్యాహ్నం కూర, చారు, అన్నం. సాయంత్రం ఉడకబెట్టిన కూరగాయలు. రాత్రి మళ్ళీ అన్నం, చారు, పచ్చడి. పప్పు తింటే గ్యాస్ అని అంతకుముందే తగ్గించాడు. లెక్కేస్తే ప్రోటీన్ 36 గ్రాములు, కాల్షియం 260 మిల్లీగ్రాములు తేలాయి. జాతీయ పోషకాహార సంస్థ లెక్కన కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి, ఈయనకు అది 60 దాటుతుంది. కాల్షియం 1000 కావాలి. పాకెట్ బాదం పాలు పాలలా తెల్లగా ఉంటాయి కానీ గ్లాసుకు ప్రోటీన్ ఒక గ్రాము అటూ ఇటూ, అంతకు మించదు. ఆయన వాటికి నెలకు పెట్టే ఖర్చుతో ఇంటిల్లిపాదికీ సరిపడా శనగలు కొనొచ్చు.

పదకొండు గంటల వణుకు

ముందు తేల్చాల్సింది ఇది. పొద్దున పదకొండు, పదకొండున్నరకు చెమటలు పట్టి చేతులు వణుకుతున్నాయన్నాడు. ఒంట్లో విషాలు బయటికి పోతున్నాయని వీడియోలో చెప్పారట. మా దగ్గర కూర్చుని ఉండగానే మళ్ళీ మొదలైంది. గ్లూకోమీటరు పెడితే 58, షుగరు బాగా పడిపోయింది. తిండి సగమైంది, గ్లిమిపిరైడ్ మాత్రం అలాగే ఉంది. షుగరు మందులు వాడేవాళ్ళు ఇలా ఒక్కసారిగా తిండి మార్చేటప్పుడు డాక్టరుకు చెప్పకపోతే మొదట వచ్చే ప్రమాదం ఇదే. ఆయన బండి నడుపుకుంటూ పొలానికి వెళ్ళేది కూడా సరిగ్గా ఆ వేళకే. ఫిజీషియన్ ఆ రోజే గ్లిమిపిరైడ్ ఆపేశారు. తర్వాత వణుకు రాలేదు.

కళ్ళు మూసుకుంటే

ఇక స్నానాల గది సంగతి. ఎలా పడబోయావని అడిగితే జారిందన్నాడు. "జారలేదమ్మా, మొహానికి సబ్బు పూసుకుని కళ్ళు మూసుకున్నాడు, అట్టా పక్కకి ఒరిగాడు" అంది ఆమె. ఆ వివరం వినగానే నేను పెన్ను కింద పెట్టి ఫిజీషియన్‌కు ఫోన్ చేశాను. కాళ్ళ నుంచి వెన్నుపాము మీదుగా మెదడుకు చేరే కబురు మందగిస్తే, మనిషి కళ్ళతో నేలను చూసుకుంటూ నిలదొక్కుకుంటాడు. కళ్ళు మూస్తే ఆ ఆధారం పోతుంది. మొహం కడుక్కునేటప్పుడు, చీకట్లో పెరట్లోకి వెళ్ళేటప్పుడు తూలటం దీని గుర్తు. అరికాళ్ళు తిమ్మిర్లెక్కి రెండు నెలలైందని, చెప్పు కాల్లోంచి జారిపోయినా నాలుగడుగులు వేశాకే తెలుస్తోందని అప్పుడు బయటపెట్టాడు. నాలుక నున్నగా ఎర్రగా ఉంది. గోంగూర పచ్చడి నోట పెడితే మంట.

ట్యూనింగ్ ఫోర్కు కాలి బొటనవేళ్ళ మీద ఆనిస్తే అదురు తెలియలేదు. నరాలకు కావాల్సిన విటమిన్ బీ12 రక్తంలో మిల్లీలీటరుకు 132 పికోగ్రాములు. 200 కంటే తక్కువైతే లోపం కిందే లెక్క. బీ12 తగ్గితే రక్తంలో పెరిగే హోమోసిస్టీన్ 31, అది 15 లోపు ఉండాలి.

కుటుంబంలో అందరూ ఒకే మాట అన్నారు: "మాంసం మానేశాడు, నరాలు పోయినయి." అది నిజం కాదు, కనీసం పూర్తిగా కాదు. బీ12 లివర్లో ఏళ్ళ తరబడి నిలవ ఉంటుంది. రోజుకు కావాల్సింది రెండు మూడు మైక్రోగ్రాములే. కడుపునిండా నిలవ ఉన్న మనిషి నాలుగు నెలలు మానేసినంత మాత్రాన ఈ స్థితికి రాడు. తొమ్మిదేళ్ళ మెట్‌ఫార్మిన్ బీ12 ఒంటికి పట్టకుండా తగ్గిస్తూ వచ్చింది. దాని మీద మూడేళ్ళ గ్యాస్ బిళ్ళ. తిండిలో బీ12ని ప్రోటీన్ నుంచి విడదీసేది కడుపులోని ఆమ్లమే, ఆ ఆమ్లాన్నే ఈ బిళ్ళ అణిచేస్తుంది. గాదె ముందే ఖాళీ అయింది. అడుగున మిగిలిన నాలుగు గింజలు పాలూ పెరుగుతో నెట్టుకొస్తుంటే, అవీ ఆగిపోయాయి. షుగరు వల్ల వచ్చే నరాల జబ్బు కూడా ఇందులో కొంత ఉండొచ్చని ఫిజీషియన్ అభిప్రాయం, నేనూ కాదనను.

ఇది ఇన్నాళ్ళు దొరక్కపోవటానికి ఇంకో కారణం ఉంది. మార్చిలో ఆయన రక్తపరీక్ష చేయించుకున్నాడు. హిమోగ్లోబిన్ 12.4, ఎర్రకణాల సైజు 97. హిమోగ్లోబిన్ కొంచెం తక్కువే కానీ భయపడేంత కాదు, కణాల సైజు మామూలే. "రక్తం బాగుంది, బీ12 లోపముంటే కణాలు పెద్దవవుతాయి, ఇక్కడ లేవు" అని పంపేశారు. ఆకుకూరలు దండిగా తింటున్నాడు, పైగా ఫోలిక్ యాసిడ్ ఉన్న మల్టీవిటమిన్ బిళ్ళ వేస్తున్నాడు. ఫోలిక్ యాసిడ్ దండిగా అందితే రక్తం దారికొచ్చినట్టే కనిపిస్తుంది. నరాలకు అది పనికిరాదు. రక్తహీనత లేకుండానే నరాలు దెబ్బతినొచ్చు. స్పిరులినా బిళ్ళల్లో బీ12 ఉందని డబ్బా మీద చూసి ధైర్యంగా ఉన్నాడు. దాన్లో ఎక్కువ భాగం మనిషి ఒంటికి పనికిరాని నకలు. చద్దన్నంలో వస్తుందని మా బంధువులే అంటుంటారు. చద్దన్నం నాకూ ఇష్టమే, బీ12 కోసం మాత్రం దాన్ని నమ్మను.

ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మొదట రోజు విడిచి రోజు, తర్వాత వారానికి, ఆ తర్వాత నెలకు. గ్యాస్ బిళ్ళ మెల్లగా తగ్గించి ఆపేశారు. అంతవరకూ అన్నీ పుస్తకంలో ఉన్నట్టే జరిగాయి.

గారపళ్ళు

జూన్‌లో వచ్చినప్పుడు నడుము పట్టేస్తోందన్నాడు. "ఎప్పట్నుంచో ఉండేది, ఈ ఎండాకాలం మరీ ఎక్కువైంది. కింద కూర్చుంటే లేవలేకపోతన్నా." పొలం పని చేసే మనిషి, వయసు యాభై దాటింది, నడుం నొప్పి అంటే ఎవరూ పట్టించుకోరు. ఆయన నవ్వినప్పుడు పళ్ళు చూశాను. ముందు పళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు చారలు. "మా ఈడోళ్ళందరికీ ఇంతే మేడం. గారపళ్ళు. బోరు నీళ్ళు గదా."

నా మీద నాకే కోపం వచ్చింది. దర్శి వైపు మనిషి అని తెలిసీ, మొదటి రోజు నీళ్ళ సంగతి అడగలేదు నేను. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళకూ ఎముకలకూ వచ్చే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మొట్టమొదట 1937లో నమోదు చేసింది నెల్లూరు జిల్లాలోనే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా దర్శి, పొదిలి, కనిగిరి నెల్లూరు జిల్లాలోవే కదా. మొదట తెలిసింది డాక్టర్లకు కాదని, కీళ్ళు బిగుసుకుపోయి ఎద్దులు నాగలి లాగలేకపోతుంటే రైతులే గమనించారని అంటారు. అంత చరిత్ర ఉన్న నేల మీద కూర్చుని నేను బాదం పాల ప్రోటీన్ లెక్కేస్తున్నాను.

ఫ్లోరైడ్‌కూ పెరుగుకూ సంబంధం ఏమిటంటే, కాల్షియం. తిండితో పాటు కాల్షియం పేగులోకి చేరితే ఫ్లోరైడ్‌లో కొంత భాగాన్ని అది పట్టుకుంటుంది, ఆ భాగం ఒంట్లోకి పోకుండా బయటికి పోతుంది. కాల్షియం తక్కువ తినేవాళ్ళలో అదే నీరు ఎక్కువ హాని చేస్తుంది. రెండు పూటలా పెరుగు, రెండు చెంబుల మజ్జిగ ఇన్నేళ్ళూ ఈయనకు తెలియకుండానే కాపలా కాశాయి. జనవరిలో ఆ కాపలా లేచిపోయింది. బోరు మాత్రం నడుస్తూనే ఉంది.

"మేం తాగేది క్యాన్ నీళ్ళే మేడం, ఆర్వో ప్లాంటువి" అన్నాడు. తాగటానికి సరే, వంటకు? బోరువే. అన్నం వండే నీళ్ళు, పప్పు ఉడికే నీళ్ళు, చారు, అంబలి, టీ. కాగబెడితే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై మిగిలిన దాంట్లో అది చిక్కబడుతుంది. గంజి వార్చకుండా కుక్కర్లో పెట్టే అన్నంలో, పోసిన నీళ్ళలోని ఫ్లోరైడ్ అంతా అన్నంలోనే ఉంటుంది. పైగా శాకాహారం మొదలయ్యాక ఇంట్లో చారు, ఉడకబెట్టినవి ఎక్కువయ్యాయి. అంటే బోరు నీళ్ళు ఇంకా ఎక్కువ.

బోరు నీళ్ళు సీసాలో తెప్పించి పరీక్ష చేయిస్తే లీటరుకు 2.8 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్. హద్దు 1.5. ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర అక్కడక్కడ గట్టిపడి గరుకుగా కనిపించింది. ఫ్లోరోసిస్‌కు అది గుర్తు అని ఎముకల డాక్టరు చెప్పారు. ఎముకల్లో చేరింది నలభై ఏళ్ళది, తీసెయ్యలేం. ఇక చేరకుండా మాత్రం చూడొచ్చు. విటమిన్ డి కూడా 17 మాత్రమే ఉంది.

సలహా చిన్నదే: వంటకు కూడా క్యాన్ నీళ్ళే. ఆచరణ అంత చిన్నది కాదు. రోజుకు రెండు క్యాన్లు అదనం, వాటిని మోసేది ఎవరు, ప్లాంటు చెడిపోయిన రోజు ఏం చెయ్యాలి. కోడలు మొదటి నెలంతా గిన్నెలు తోమటానికి ఒక బకెట్టు, వంటకు ఒక బిందె అని ముగ్గు వేసి మరీ విడదీసింది. ఆమె వల్లే ఇది నిలబడింది.

అసలు కారణం

పాలకు తిరిగి వెళ్ళిపోతే సగం చిక్కులు తీరతాయి కదా అని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఫిజీషియన్ కూడా అదే అన్నారు. నేను రెండుసార్లు "పోనీ రోజుకో గుడ్డు, కాసింత మజ్జిగ" అని అడిగాను. రెండుసార్లూ ఆయన తల అడ్డంగా ఊపి, షుగరు పెరుగుతుందన్నాడు. గుడ్డుతో షుగరు పెరగదని వివరించబోయాను.

జులైలో ఒంటరిగా వచ్చినప్పుడు చెప్పాడు. నిరుడు కార్తీకంలో వాళ్ళ గేదె దున్నదూడను ఈనింది. దున్నదూడ కాబట్టి పాలు సరిగ్గా వదల్లేదు, ఇరవై రోజులకు చచ్చిపోయింది. గేదె చేపు ఇవ్వటం లేదని పాలు పితికే మనిషి దూడ తోలులో గడ్డి కుక్కి తెచ్చి ముందు నిలబెట్టాడు. గేదె దాన్ని నాకుతూ పాలిచ్చింది. "రోజూ చూసేదే మేడం, మా నాయన కాలం నుంచి చూస్తన్నా. ఆ రోజు ఎందుకో పెరుగు ముద్ద దిగలా." కనుమ నాడు అదే గేదెకు పసుపు కుంకుమ పెట్టి, మర్నాటి నుంచి మానేశాడు. ఊళ్ళో ఈ మాట చెప్తే నవ్వుతారని షుగరు పేరు చెప్పాడు.

ఈ సంగతి మొదటే తెలిస్తే నా పద్ధతి వేరుగా ఉండేది. షుగరు కోసం మానేసిన మనిషికి గుడ్డు ఒక దారి. ఈయనకు అది అవమానం. ఇక నేను గుడ్డు ఊసెత్తలేదు. ఆయన కూడా మనసు విప్పి అడగటం మొదలుపెట్టాడు. బీ12 దేంతో చేస్తారు? బ్యాక్టీరియాను పులియబెట్టి తీస్తారు, జంతువు ప్రసక్తి లేదన్నాను. విటమిన్ డి క్యాప్సూల్ గొట్టం దేంతో చేస్తారు? మెత్తటి గొట్టాలు ఎక్కువగా జెలటిన్‌వి, అది ఎముకలు, తోళ్ళ నుంచి వచ్చేది. లోపలి డి3 కూడా మామూలుగా గొర్రె ఉన్నిలోని జిడ్డు నుంచి తీస్తారు. డి2 అయితే జంతువుల నుంచి రాదు. డాక్టరుతో మాట్లాడి దానికి మార్చాం. ఇలాంటి ప్రశ్నలు అడిగితే విసుక్కునే వైద్యులు ఉన్నారు. విసుక్కుంటే పేషెంటు మందు మానేస్తాడు, మానేసినట్టు చెప్పడు కూడా.

పళ్ళెంలో ఏం పెట్టాం

పొద్దున పళ్ళు తీసేసి పెసరట్టు. మధ్యాహ్నం పప్పు తప్పనిసరి, సాయంత్రం ఒక గుప్పెడు గుగ్గిళ్ళు: ఒక రోజు శనగలు, ఒక రోజు అలసందలు, ఒక రోజు ఉలవలు. ఉలవలనగానే "ఎద్దుల దాణా నాకు పెడతారా మేడం" అన్నాడు. ఒంగోలు గిత్తను చూసి కూడా ఆ మాట అంటారా అన్నాను. గ్యాస్ భయం నానబెట్టటంతో, మొలకెత్తించటంతో, కొంచెం కొంచెంగా పెంచటంతో తగ్గింది. వారానికి మూడు రోజులు మీల్‌మేకర్, పొడిది 30 గ్రాములకు దాదాపు 15 గ్రాముల ప్రోటీన్. కోడలు దాన్ని చేపల పులుసు మసాలాతో, మామిడికాయ వేసి చేసింది. నెల్లూరు పుట్టిల్లు ఆమెది, అంతకంటే చెప్పక్కర్లేదు. దాంతో ఇంట్లో మిగిలినవాళ్ళు కూడా ఆ గిన్నెలోనే చెయ్యి పెట్టటం మొదలుపెట్టారు.

కాల్షియానికి రాత్రిపూట రాగి సంకటి (80 గ్రాముల పిండిలో 290 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది), మునగాకు పప్పు లేదా పొడి, రెండు చెంచాల నువ్వుల పొడి. పాలకూరలో కూడా కాల్షియం ఉంది కానీ ఆక్సలేట్ దాన్ని కట్టేస్తుంది. కాగితం మీది లెక్క ఒంట్లో లెక్కకు ఎప్పుడూ ఎక్కువే, అందుకే మధ్యాహ్నం అన్నంతో పాటు 500 మిల్లీగ్రాముల కాల్షియం బిళ్ళ కూడా. తిండితో పాటే ఎందుకంటే, ఆ ముద్దలో ఫ్లోరైడ్ ఉంటే దాన్నీ పట్టుకుంటుందని.

ఓడిపోయింది పెరుగు దగ్గర. వేరుశనగ పాలు తీసి, పచ్చిమిరప తొడిమలు వేసి తోడు పెట్టించాను. తోడుకుంది. ఆయన ఒక ముద్ద తిని మర్యాదగా పక్కన పెట్టాడు. పచ్చి వాసన. సోయాతో చేస్తే అదీ అంతే. పెరుగన్నం లేకుండా భోజనం ముగించటం తెలుగువాడికి వాక్యం మధ్యలో లేచిపోయినట్టుంటుంది. చివరికి ఆయనే ఒక దారి కనిపెట్టుకున్నాడు: పులిసిన రాగి అంబలిలో నిమ్మకాయ, ఉల్లిపాయ, అల్లం, కరివేపాకు. ఎండలో కొట్టుకు వచ్చిన రైతులకు కూడా అదే పోస్తున్నాడట. అంబలి షుగరుకు సంకటి అంత మంచిది కాదు, త్వరగా పెంచుతుంది. ఒక గ్లాసుకు ఒప్పుకున్నాను.

భార్య సంగతి ఒకటి. మూడు విజిట్ల పాటు ఆమె నిలబడే ఉంది. రెండు రకాల వంట చేసి, అందరూ తిన్నాక మిగిలింది తిని, ఆమె కూడా చారు అన్నం మీదికి వచ్చేసింది, ఏ నిర్ణయమూ తీసుకోకుండానే. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.8, ఇనుము నిలవ అట్టడుగున. ఆమెను ఏ డాక్టరూ పంపలేదు. ఐరన్ బిళ్ళలు, తిండితో టీ మానటం, పప్పులో నిమ్మకాయ పిండుకోవటం. ఆమె చేప తింటానంది, తినమన్నాను.

ఏడాది తర్వాత

సెప్టెంబరులో హెచ్‌బీఏ1సీ 7.2కి పెరిగింది, కారణం మామిడిపళ్ళు, అంబలి. జనవరిలో 6.9. బరువు 74 దగ్గర నిలబడింది. హోమోసిస్టీన్ 12. నాలుక మంట మూడు వారాలకే పోయింది, తూలటం తగ్గటానికి ఐదు నెలలు పట్టింది. బొటనవేళ్ళ మొద్దుబారటం మాత్రం అలాగే ఉంది, బహుశా అలాగే ఉంటుంది. నడుము పట్టు కొంచెం సడలిందంటాడు. అది నీళ్ళు మార్చినందుకా, కాల్షియం, డి విటమిన్ వల్లా, ప్రోటీన్ పెరిగి ఒంట్లో సత్తువ వచ్చినందుకా విడదీసి చెప్పలేను. బీ12 బిళ్ళ జీవితాంతం, మెట్‌ఫార్మిన్ ఉన్నన్నాళ్ళూ ఏడాదికోసారి పరీక్ష. ఈ ఒక్క వాక్యం ఆయన మందుల చీటీ వెనక ఎర్ర ఇంకుతో రాసిచ్చాను.

ఈ సంక్రాంతి వెళ్ళాక వచ్చినప్పుడు, వెళ్ళబోతూ, "చూడండి మేడం" అని గది మూలన ఉన్న వాష్‌బేసిన్ దగ్గరికి నడిచాడు. కళ్ళు గట్టిగా మూసుకుని రెండు దోసిళ్ళ నీళ్ళు మొహం మీద కొట్టుకున్నాడు. తూలలేదు. మోచెయ్యి మాత్రం గోడకు ఆనించే ఉంచాడు.